సరుకు చేరవేసేవారి దగ్గర డబ్బు ఎన్ని చేతులు మారుతుంది?

అందరికీ నమస్కారం. స్థానికంగా ఆహారం చేరవేసే వ్యాపారాల వల్ల ఆ ప్రాంతానికి మేలు ఉందా అని నిన్న మొదలైన చర్చ మీద నా మాట.

రైతుల సరుకును దగ్గరి దుకాణాలకు చేరవేసే స్థానిక ఆహార పంపిణీ వ్యాపారాన్ని చాలామంది "మధ్యవర్తి" అని కొట్టిపారేస్తారు. అది సరికాదని నా అభిప్రాయం. ఆ వ్యాపారం డ్రైవర్లకు, హమాలీలకు, గోదాము సిబ్బందికి, లెక్కలు చూసేవారికి, బండ్లు బాగుచేసే మెకానిక్‌కు పని ఇస్తుంది. వాళ్ల జీతాలు మళ్లీ అక్కడి దుకాణాల్లోనే ఖర్చవుతాయి.

చిన్న లెక్క చూడండి. 100 రూపాయల్లో ప్రతిసారీ 60 శాతం ఆ ప్రాంతంలోనే ఖర్చయితే, మూడు విడతల్లో 100, 60, 36 కలిసి 196 అవుతుంది. 20 శాతమే నిలిస్తే 100, 20, 4 కలిసి 124 మాత్రమే. ఖర్చుపెట్టిన డబ్బు ఒక ప్రాంతంలో ఎంత తిరుగుతుందో కొలవడానికి బ్రిటన్‌లోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ వాడుకలోకి తెచ్చిన ఎల్ఎం3 పద్ధతి కూడా ఇలాగే మూడు విడతలు లెక్కిస్తుంది.

ఇంకోటి, వృథా. కోత తర్వాత, చిల్లర దుకాణానికి చేరేలోపే ప్రపంచ ఆహారంలో దాదాపు 14 శాతం పోతోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2019లో అంచనా వేసింది. దగ్గరలో శీతల గిడ్డంగి, వేళకు వచ్చే బండి ఉంటే అందులో కొంతైనా రైతు ఆదాయంగా మారుతుంది.

అయితే స్థానికం అయినంత మాత్రాన అంతా మంచిదే అనను. సగం ఖాళీగా తిరిగే బండి ఖర్చు పెంచుతుంది. ప్రాంతమంతటికీ ఒక్కరే పంపిణీదారు ఉంటే ధర ఆయన చెప్పిందే. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది చెల్లింపుల ఆలస్యం. నెలల తరబడి డబ్బు రాకపోతే చిన్న రైతు అప్పు చేసి తర్వాతి పంట వేయాల్సి వస్తుంది, లాభమంతా వడ్డీకే పోతుంది.

మీలో ఈ రంగంలో పనిచేసినవారు చెల్లింపుల గడువు గురించి దయచేసి రాయండి.