పార్కు సొమ్ము ముట్టింది, పార్కు ఏది?

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకం, దాని వసూళ్లలో మా పురపాలక సంఘం ముందంజలో ఉందట. సంతోషం. కట్టినవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి ఆ అభినందనల్లో నాకూ వాటా ఉన్నట్టే. వసూలు ఎంతో రాశారు, ఖర్చు ఎంతో రాయలేదు. ఉంటే కదా రాయడానికి!

2020లో ఈ పథకానికి జీవో 131 రాగానే వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. అప్పుడు తెలంగాణ అంతటా అలా పెట్టినవాళ్లం దాదాపు 25 లక్షలు. అంతకుముందు 2015లో ఒక పథకం, 2007 చివర్లో మరొకటి. క్రమబద్ధీకరణ ఉచితంగా చేయాలని ప్రతిపక్షంలో ఉండగా గొంతెత్తినవారే గద్దెనెక్కాక గడువులు పెట్టారు. 2025 మార్చిలో 25 శాతం రాయితీ అనేసరికి ఆశపడి, బ్యాంకులో ఉన్న డిపాజిట్ తీసి కట్టేశాను.

క్రమబద్ధీకరణ రుసుము సంగతి సరే. దాని కింద ఇంకో పద్దు ఉంది: ఖాళీ స్థలం రుసుము, ప్లాటు విలువలో 14 శాతం. మా వెంచర్ వేసిన పెద్దమనిషి పార్కుకు జాగా వదలకుండా ఆఖరి గజం దాకా అమ్ముకున్నాడు. ఆ తప్పుకు జరిమానా కొన్నవాళ్లకు! ఆయన బైపాస్ అవతల ఇంకో వెంచర్‌కు రంగు జెండాలు పాతిస్తున్నాడు. పోనీ, కట్టాం. మరి పార్కు ఎక్కడ? మా కాలనీ పిల్లలు ట్రాన్స్‌ఫార్మర్ పక్కన క్రికెట్ ఆడుతున్నారు. వాళ్లకు వికెట్టు మూడేళ్ల కిందటి రోడ్డు శంకుస్థాపన ఫలకం. రోడ్డు ఇంకా రాలేదు.

ఈ సొమ్మును విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాంతంలో వసతులకే వాడాలని నిబంధనల్లోనే ఉంది. ఆ ముక్క అడుగుదామని కార్యాలయానికి వెళ్తే, "కాలనీ వారీగా లెక్కలు ఎవరు రాస్తారండీ" అన్నారు అక్కడి గుమాస్తా. నిజమే, ప్లాటు ప్లాటుకూ రూపాయి తేడా లేకుండా లెక్క కట్టినవారికి వాటిని కూడడం మాత్రం కష్టమే. నిధులు లేవని కూడా సెలవిచ్చారు. నిరుడు ఇంటింటికీ చందా వేసుకుని మురుగు కాలువ మేమే కట్టించుకున్నాం. అది మూలమలుపు దాకా వచ్చి ఆగింది. అక్కడ కలవాల్సిన మున్సిపాలిటీ కాలువ లేదు కనుక ఊరి మురుగంతా ఎవరిదో ఖాళీ ప్లాటులో చెరువు కట్టింది. దానికీ ఎల్‌ఆర్‌ఎస్ కట్టే ఉంటారు పాపం.

మా అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. అక్కడ కాలువకో వీధి దీపాలకో చుట్టుపక్కల ఇళ్ల మీద ప్రత్యేక రుసుము వేయాలంటే, ఎవరికెంత మేలు, ఎవరి వంతు ఎంత అని ముందు ఇంజినీరు నివేదిక రాయాలి. విచారణకు కనీసం 45 రోజుల ముందు ఇంటికి నోటీసు రావాలి, దాంతోపాటే బ్యాలెట్. వద్దన్నవారి వంతు అవునన్నవారి వంతును మించితే ఆ రుసుము అంతటితో సరి. ఊరందరికీ కలిగే మేలుకు ఒక్క వీధివాళ్ల దగ్గర వసూలు చేయకూడదు. 1996లో జనమే ఓటేసి తెచ్చుకున్న నియమం ఇది. అక్కడా ఎక్కువ కట్టేవాడి ఓటుకే బరువు ఎక్కువట, అది వేరే సంగతి. మాకు బ్యాలెట్ కూడా వద్దు, లెక్క చెబితే చాలు.

అడిగే వేదికలు లేక కాదు. మన 2019 పురపాలక చట్టంలో ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉన్నాయి, వాటిలో వృద్ధులకు ఒకటి. నాకు 68 ఏళ్లు. మా వార్డు కమిటీ ఎక్కడ కూర్చుంటుందో ఎవరైనా చూపిస్తే వెళ్లి అడుగుతాను.

కాలనీ మొదట్లో ఒక బోర్డు పెట్టించండి. ఇక్కడి ప్లాట్ల నుంచి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది. మూడే అంకెలు. దానికీ నిధులు లేవంటే రంగు డబ్బా మేమే కొనిస్తాం, చందాలు మాకు అలవాటే.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు