పాత బాకీల గురించి అంగడి నుంచి ఒక మాట

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఒకటో తారీఖు నుంచి మన అంగడిలో ఖాతా పద్ధతి మారుస్తున్నాను. ఎందుకో దాపరికం లేకుండా చెప్పేస్తా.

కరోనా నాటి బాకీలు కొన్ని ఇళ్లవి ఇంకా నా పుస్తకంలోనే ఉన్నాయి. నెలనెలా కట్టేవాళ్లు ‘వాళ్ల బాకీ మా కందిబేడల ధరలో కలుపుతున్నావా?’ అని అడుగుతున్నారు. అందులో కొంత నిజముంది. హోల్‌సేల్ వాళ్లు నా కోసం ఆగరు. డబ్బు బాకీల్లో ఇరుక్కుంటే వడ్డీకి తెచ్చి సరుకు దింపాలి, ఆ వడ్డీ ధరలోనే పడుతుంది.

కానీ ‘కరోనా అందరికీ వచ్చింది, మేం కట్టలేదా?’ అంటే మాత్రం ఒప్పుకోను. దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. 2020లో గవర్నమెంటు ఉద్యోగులకు సగం జీతం ఆపారు, నిజమే. లేటుగానైనా అది చేతికొచ్చింది. ప్రైవేటు టీచర్లకు పోయిన జీతం పోయినట్టే. తుంగభద్ర దాటితే తెలంగాణ. అక్కడ 2021లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చారు. మన కర్నూలు ఒడ్డున అదీ లేదు. ఆటోవాళ్లనే చూడండి. 2020 జూన్‌లో గవర్నమెంటు ఇచ్చిన వాహనమిత్ర సాయం 10,000 రూపాయలు సొంత బండి ఉన్నవాళ్లకే పడింది. బాడుగ ఆటో తోలేవాళ్లకు రాలేదు. ఒకే స్టాండులో నిలబడేవాళ్ల మధ్య ఆ మంట ఇంకా ఉంది. బ్యాంకు కంతులు ఆరు నెలలు ఆపుకున్నవాళ్లకైనా వడ్డీ ఆగిందా?

నా సంగతీ చెప్పాలి కదా. రెడ్‌జోన్‌లో మూసిన రోజులు పోను, కిరాణా అని నన్ను తెరవనిచ్చారు. పక్కన చెప్పుల అంగడికి తాళమే. ఆయనకు నా మీద కోపం ఉంటే తప్పు పట్టను.

ఇక పద్ధతి. పాత బాకీకి వడ్డీ లేదు, వీలైనప్పుడు వీలైనంత కట్టండి. కొత్త ఖాతా 3,000 దాటదు, పదో తారీఖు లోపల తీర్చాలి. రొక్కమిచ్చేవాళ్లకు బేడలు, నూనె మీద కిలోకు రెండు రూపాయలు తగ్గిస్తా. ఎవరి బాకీ ఎంతని నన్ను అడగొద్దు, చెప్పను. బాకీ ఉందని మొహమాటపడి వేరే అంగడిలో రొక్కానికి కొంటున్నవాళ్లు ఇక్కడికే రండి. సరుకు ఇచ్చేటప్పుడు పాత లెక్క ఎత్తను. మీరు రాకపోతేనే నాకు ఎక్కువ నష్టం.