లీవరు 10 మీద పెట్టి లాగితే ఛాంపియన్లు కారు

సంపాదకులకు,

మీ క్రీడల పేజీలో రోయింగ్ (తెడ్లతో పడవ పందెం) మీద వచ్చిన వ్యాసం చూశాను. తెలుగు పత్రికల్లో ఈ ఆటకు అరపేజీ దొరకడమే గొప్ప. కానీ పక్కన వేసిన ఫొటోలో కుర్రాడి ఎర్గోమీటరు (ఒడ్డున సాధన చేసే రోయింగ్ మెషీన్, ఎర్గ్ అంటారు) లీవరు 10 మీద ఉంది. కాళ్ళు ఇంకా సగమే చాచాడు, మోచేతులు మాత్రం అప్పుడే మడిచేశాడు. వ్యాసమేమో ఇది భుజబలం ఆట అంది. చెన్నైలో పిల్లల్ని ఈ ఆటలో చేర్పిద్దామనుకునే మన తెలుగువాళ్ళు అదే పద్ధతి అనుకుంటారేమోనని ఈ ఉత్తరం.

రోయింగ్ కాళ్ళ ఆట. సీటు చక్రాల మీద వెనక్కి జరిగేది కాళ్ళతో తన్నడానికే. ముందు కాళ్ళు, తర్వాత నడుము పైభాగం, చివర్లో చేతులు. తిరిగి ముందుకు వచ్చేటప్పుడు ఇదే వరస తలకిందులు: చేతులు మోకాళ్ళు దాటాలి, ఒళ్ళు వంగాలి, ఆ తర్వాతే మోకాళ్ళు మడవాలి. మోకాళ్ళు ముందే లేచాయంటే పిడిని వాటి మీదుగా ఎత్తి దాటించాల్సి వస్తుంది. నీళ్ళ మీద అదే పని చేస్తే తెడ్డు ఆకు నీటికి తగిలి పడవ ఊగిపోతుంది. దీనికి వ్యతిరేకమైన తప్పు ఇంకొకటి: కాళ్ళు తన్నేస్తాయి, సీటు వెనక్కి పోతుంది, పిడి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మిగిలిన బరువంతా నడుమే లాగాలి. ఈ ఆటలో నడుం నొప్పులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఇక ఆ లీవరు. అది కష్టాన్ని కొలిచేది కాదు, సైకిలు గేరు లాంటిది. చక్రం గూట్లోకి ఎంత గాలి పోవాలో చెబుతుంది, అంతే. కోచ్‌లు లీవరు అంకె చూడరు, మానిటర్లో డ్రాగ్ ఫ్యాక్టర్ (చక్రాన్ని గాలి ఎంత అడ్డుకుంటోందో చెప్పే అంకె) చూస్తారు. సాధారణంగా 110 నుంచి 130 మధ్య ఉంచుతారు. శుభ్రంగా ఉన్న మెషీన్ మీద అది 3, 5 అంకెల మధ్య వస్తుంది. దుమ్ము పట్టిన జిమ్ మెషీన్ మీద అదే డ్రాగ్ రావాలంటే లీవరు ఇంకాస్త పైకి జరపాలి. 10 మీద పెట్టి లాగే కొత్తవాడికి బలం పెరగదు, వీపు పట్టేస్తుంది.

తల్లిదండ్రులు మొదట అడిగేది "ఎన్నాళ్ళకు మెడల్?" అని. దానికి జవాబు లెక్కలో ఉంది. ఎర్గ్ మీద 2000 మీటర్లు 8 నిమిషాల్లో లాగడానికి సగటున 200 వాట్లు కావాలి. 7 నిమిషాలకు 300. 6 నిమిషాలకు 480. వేగం పెరిగేకొద్దీ కావాల్సిన శక్తి దాని ఘనం చొప్పున పెరుగుతుంది. అందుకే ఎనిమిది నుంచి ఏడుకు వచ్చే మొదటి నిమిషం త్వరగానే తగ్గి ఆశ పెడుతుంది. రెండోది ఏళ్ళు తినేస్తుంది. పురుషుల ప్రపంచ రికార్డు ఆస్ట్రేలియా రోవర్ జోషువా డంక్లీ స్మిత్ 2018లో లాగిన 5:35.8. అంటే దాదాపు 590 వాట్లు, అయిదున్నర నిమిషాల పాటు.

ఆ ఏళ్ళలో చేసే పని చూడ్డానికి విసుగ్గా ఉంటుంది. రేసులో నిమిషానికి 34 నుంచి 38 తెడ్లు వేసేవాళ్ళే వారంలో ఐదింట నాలుగు వంతుల సాధన 18, 20 తెడ్ల మీద, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంతో, గంట, గంటన్నర చేస్తారు. రేసు శక్తిలో ముప్పాతిక వంతుకు పైగా ఊపిరి మీద నడిచేదే కదా. రోజూ దమ్మంతా తీసి లాగేవాడు ఆరు నెలల్లో ఆగిపోతాడు, లేదా పక్కటెముకకు పగులు తెచ్చుకుంటాడు.

నీళ్ళ మీద సంగతి వేరు. సింగిల్ స్కల్ (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పడవ) కనీస బరువు 14 కిలోలే, పొడవు 8 మీటర్ల పైచిలుకు, నీటి దగ్గర వెడల్పు మూర కూడా ఉండదు. తెడ్లు వదిలేస్తే తిరగబడుతుంది. కాబట్టి మొదటి పాఠం పిడులు వదలకపోవడం. రెండోది క్రాబ్: ఆకు నీళ్ళలో ఇరుక్కుపోయి పిడి వచ్చి పొట్టలో గుద్దుతుంది. ఆకు బయటికి రాకముందే మణికట్టు తిప్పడం వల్ల ఇలా అవుతుంది. ముందు చెయ్యి కిందికి నొక్కాలి, ఆకు తేలాకే తిప్పాలి. బూట్లు పడవకే బిగించి ఉంటాయి కనుక, తిరగబడితే కాళ్ళు బయటికి రావడానికి మడమల తాళ్ళు, ఒక్క లాగుతో ఊడొచ్చే పట్టీ రోజూ చూసుకోవాలి. కనీసం 50 మీటర్లు ఈదలేని పిల్లల్ని పడవ ఎక్కించకూడదు. తిరగబడితే పడవను వదిలి ఒడ్డుకు ఈదకూడదు, అది తేలుతుంది, పట్టుకుని ఉండాలి.

చెన్నైలో ఈ ఆట కొత్తదేమీ కాదు. అడయారు నది ఒడ్డున ఉన్న మద్రాస్ బోట్ క్లబ్ 1867లోనే పుట్టింది. పొద్దెక్కాక సముద్రపు గాలి వీచి నీళ్ళు కదిలిపోతాయి కనుక తెల్లవారుజామే సాధన. అడయారులోకి నీళ్ళు వదిలే చెంబరంబాక్కం చెరువు గేట్లు ఎత్తే ఈశాన్య రుతుపవనాల రోజుల్లో నది మీదకు పోవడం పిచ్చితనం. అప్పుడు ఎర్గే గతి.

ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకు దారి మూసుకుపోలేదు. కరువు ప్రాంతం నుంచి 2012లో సైన్యంలో చేరి అక్కడే తెడ్డు పట్టిన దత్తు భోకనల్ 2016 రియోలో 13వ స్థానంలో నిలిచాడు, 2018 ఆసియా క్రీడల్లో క్వాడ్ స్కల్స్ (నలుగురు నడిపే పడవ) స్వర్ణ జట్టులో ఉన్నాడు. బ్రిటన్ హెలెన్ గ్లోవర్ 2008లో మొదలుపెట్టి 2012లో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. అయితే ఇద్దరికీ అప్పటికే గట్టి శరీరం ఉంది. సైన్యం కసరత్తు అతనిది, హాకీ, పరుగు ఆమెవి. ఇది చెప్పకుండా "నాలుగేళ్ళలో ఛాంపియన్" అని మాత్రమే రాస్తే మోసమే.

మీ వ్యాసం వదిలేసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. టోక్యో ఒలింపిక్స్‌లో మన రోవర్లు అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ 11వ స్థానం తెచ్చింది లైట్‌వెయిట్ విభాగంలో, అంటే మనిషి 72.5 కిలోలు దాటకూడని పోటీలో. పారిస్‌తో ఒలింపిక్స్‌లో ఆ విభాగం అయిపోయింది. 2028 లాస్ ఏంజిలెస్‌లో బీచ్ స్ప్రింట్ వస్తోంది: ఇసుక మీద పరుగెత్తి పడవ ఎక్కడం, 250 మీటర్లు బోయాల (నీళ్ళ మీద తేలే గుర్తుల) చుట్టూ తిప్పుతూ పోయి, తిరిగొచ్చి, దూకి మళ్ళీ పరుగు. ఆరడుగులు లేని మన పిల్లలకు ఇక నుంచి అడగాల్సింది ఈ పోటీ శిక్షణ గురించే. అందుకు కావాల్సిన ఇసుక, అలలు ఈ ఊళ్ళో ఎలాగూ ఉన్నాయి.

- ఒక పాఠకుడు, కోటూర్‌పురం, చెన్నై