గుణుపురం పెద్దాయనకు, ఇంకొందరికి కృతజ్ఞతలు

నిన్న రాత్రి అమ్మ వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఇన్ని నెలలూ గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ దగ్గేది. నాకే ఇంకా నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను.

అమ్మ రాయగడలో ఒక లాడ్జిలో స్నానాల గదులు కడిగేది. మరకలు పోవాలంటే యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ కలపమని పైవాళ్లే చెప్పేవారు. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. కిటికీ లేని గదుల్లో రోజూ అదే పీల్చింది. చూపించిన చోటల్లా దగ్గు మందు రాశారు తప్ప, ఏం పని చేస్తావమ్మా అని ఒక్కరూ అడగలేదు.

అడిగింది ఆ పెద్దాయనే. భార్యకు చూపించడానికి గుణుపురం నుంచి వచ్చి, బరంపురంలో ఆసుపత్రి వరండాలో మా పక్కన కూర్చున్నారు. ఒడియా యాస తెలుగులో "చెల్లీ, సెలవు రోజున ఆయాసం తగ్గుతుందా?" అన్నారు. అమ్మ తల ఊపుతూనే ఏడ్చేసింది. భార్య కోసం అప్పుడే కొన్న పీక్ ఫ్లో మీటరును (ఊపిరి ఎంత వేగంగా ఊదగలమో అంకెలో చూపే చిన్న పరికరం) అమ్మ చేతిలో పెట్టారు. నిండా ఊపిరి పీల్చి ఒక్కసారిగా ఊదాలని, మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలని, రోజుకు నాలుగుసార్లు ఇలా చేయాలని నేర్పారు. నోటుపుస్తకంలో గీతలు కూడా ఆయనే గీశారు: తేదీ, పనిలో, ఇంట్లో. డబ్బు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టారు. సొంత మనిషి మంచం మీద ఉండగా మా గురించి అంత ఆలోచించారు!

పనిరోజుల్లో అంకె 200 దాటలేదు, ఇంట్లో ఉన్నప్పుడు 300కు చేరింది. ఆ పేజీలు చూశాకే డాక్టరుగారు ఇది పనిచోట వచ్చిన ఆస్తమా అని కాగితం మీద రాశారు.

ఆ కాగితంతో వెళ్తే ఈఎస్ఐ (ఉద్యోగులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా) జాబితాలో అమ్మ పేరే లేదు. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్ల నుంచి జీతంలో 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం కట్టాలి. అమ్మ వాటా నెలనెలా కోశారు. అది ఎక్కడికి పోయింది? లాడ్జివాళ్లు కాంట్రాక్టరును అడగమంటారు, కాంట్రాక్టరు లాడ్జిని అడగమంటాడు. వదిలిపెట్టను.

తమ్ముడు, పిన్ని దగ్గరుండి చూసుకున్నారు.

పెద్దయ్యా, మీ పేరు అడగాలని కూడా మాకు తోచలేదు. అమ్మ ఆ పని మానేసింది, ఇన్‌హేలరు వాడుతోంది. పెద్దమ్మగారు ఎలా ఉన్నారో తెలియజేయండి.

అన్నట్టు, స్పేసరు (ఇన్‌హేలరుకు తగిలించే గొట్టం) వాడటం ఓపిగ్గా చూపించిన మందుల షాపు అబ్బాయికి, బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చిన కాలేజీ అమ్మాయికి కూడా. అర్ధరాత్రి పిలిస్తే వచ్చిన ఆటో అన్నయ్యను మరిచేపోయాను, ఆయనకూ!