వైఫై కార్డు గొడవ: మన షాపులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు తప్పక చదవండి

కాలేజీలు తెరిచే సీజన్‌లో మన షాపులో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ తీసుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ లాట్‌లో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లు ఉన్నట్టుండి ఆగిపోయి వాటంతట అవే రీస్టార్ట్ అవుతున్నాయి. కారణం లోపలున్న వైఫై కార్డు, దాని డ్రైవర్, అంటే ఆ కార్డుని విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్. ఏం చేయాలో తేల్చేశాను, మీకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఇంతవరకు తెలిస్తే చాలనుకునేవాళ్లు మెషిన్ పట్టుకుని బ్రాడీపేట వచ్చేయండి. కానీ ఇన్నేళ్లుగా నా దగ్గరే కొంటూ, తమ్ముళ్లనీ మేనల్లుళ్లనీ కూడా మన షాపుకే పంపుతున్నవాళ్లకి జరిగింది జరిగినట్టు తెలియాలి. ఎందుకంటే గుంటూరులో ఇప్పుడు దీని మీద వేరే కథ నడుస్తోంది, నేనే లోపలి పార్టులు మార్చి అమ్మానట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మొదట వచ్చిన కంప్లయింట్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఒకరు డిస్‌ప్లే పోయిందన్నారు, ఒకరు ర్యామ్ అన్నారు, ఒక బీటెక్ అమ్మాయి వైరస్ ఎక్కిందేమోనని ఏడుస్తూ వచ్చింది. డిస్‌ప్లే పోయిందని ఎందుకనుకున్నారంటే, విండోస్ క్రాష్ అయినప్పుడు వచ్చే ఆ పాత నీలం స్క్రీన్ 2025 నుంచి విండోస్ 11లో నల్లగా వస్తోంది. ఏడుపు మొహం బొమ్మ కూడా తీసేశారు. నల్లటి స్క్రీన్ మీద చిన్న అక్షరాలతో రెండు లైన్లు వచ్చి, చదివేలోపే మాయమైపోతుంది. చూసేవాళ్లకి అది స్క్రీన్ ఆరిపోయినట్టే ఉంటుంది. ఈసారి వస్తే ఫోన్‌తో ఫోటో తీయండి. ఆ రెండు లైన్లలోనే స్టాప్ కోడ్, అంటే ఎందుకు ఆగిందో చెప్పే పేరు, ఏ డ్రైవర్ వల్ల ఆగిందో ఆ ఫైల్ పేరు ఉంటాయి.

ర్యామ్‌ని రాత్రంతా టెస్ట్‌లో పెట్టాం, బాగుంది. ఎస్ఎస్‌డీ హెల్త్ బాగుంది. వేడెక్కడం లేదు. విండోస్ మొత్తం చెరిపేసి కొత్తగా వేసిస్తే కొన్నాళ్లు పువ్వులా పనిచేసి, మళ్లీ అదే గొడవతో తిరిగొచ్చాయి. దారి చూపించింది మన ఆడిటర్ గారు. "ఆఫీసులో ఒక్కసారి కూడా ఆగలేదండీ, ఇంటికెళ్లి మూత తెరిస్తేనే ఈ గోల" అన్నారు. ఆయన ఆఫీసులో వాడేది లాన్ కేబుల్, ఇంట్లో వైఫై. ఆ ముక్కతో నాకు సగం అర్థమైపోయింది. విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ అని ఒకటి ఉంటుంది, క్రాష్ అయిన ప్రతిసారీ అందులో ఒక చిన్న ఫైల్ పడుతుంది. వచ్చిన ల్యాప్‌టాప్‌లన్నిటిలోంచి ఆ ఫైళ్లు తీసి చూస్తే అన్నిట్లోనూ ఒకటే కోడ్, డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్, అన్నిట్లోనూ అదే వైఫై డ్రైవర్ ఫైల్ పేరు. మూత వేసి తీసినప్పుడు కార్డు నిద్ర లేవాలి కదా. లేవమని విండోస్ చెప్తే డ్రైవర్ ఉలకదు పలకదు. విండోస్ కొంతసేపు చూసి ఇక లాభం లేదని మొత్తం సిస్టమ్‌ని ఆపేస్తుంది.

వైఫై పోతే వైఫై ఒక్కటే పోవాలి, ల్యాప్‌టాప్ ఎందుకు పడిపోవాలి అని చాలామంది అడిగారు. సరైన ప్రశ్నే. క్రోమ్ హ్యాంగ్ అయితే క్రోమ్ ఒక్కటే మూసుకుపోతుంది, ఎందుకంటే దాన్ని విండోస్ విడిగా ఒక పక్కన నడుపుతుంది. వైఫై డ్రైవర్ అలా కాదు, అది కర్నెల్‌లో, అంటే విండోస్ గుండెకాయలో నడుస్తుంది. అక్కడ తప్పు జరిగితే మీ ఫైళ్లు చెడిపోకుండా ఉండాలంటే సిస్టమ్‌ని ఆపేయడం తప్ప వేరే దారి లేదు.

కొత్తగా విండోస్ వేసినప్పుడు బాగుండి తర్వాత ఎందుకు పాడైందో కూడా తేలింది. విండోస్ అప్‌డేట్‌తో పాటు ఆ కార్డుకి కొత్త డ్రైవర్ వెర్షన్ దిగుతోంది, దిగినప్పటి నుంచే గొడవ మొదలవుతోంది. పాత వెర్షన్‌కి వెనక్కి తీసుకెళ్తే ఆ గొడవ పోతోంది. ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. కానీ ఒక అనుమానం వదల్లేదు. ఆ మోడల్ ల్యాప్‌టాప్ కంపెనీ నుంచి ఆ రకం కార్డుతో రాదు. అడుగున ఉన్న సర్వీస్ ట్యాగ్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొడితే, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఏ పార్టులు ఉన్నాయో లిస్ట్ వస్తుంది. లిస్ట్‌లో ఉన్న వైఫై కార్డు ఒకటి, విండోస్‌లో పార్టులన్నీ చూపించే డివైస్ మేనేజర్ చూపిస్తున్నది ఇంకొకటి.

ఒక ల్యాప్‌టాప్ తెచ్చిన కస్టమర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో వీడియో ఆన్ చేయించి, సప్లయర్ సీల్ చింపి విప్పాను. లోపల బొటనవేలు గోరంత వెడల్పున్న కార్డు, దాన్ని పట్టి ఉంచే స్క్రూ తల అరిగిపోయి మెరుస్తోంది, ఇదివరకు ఎవరో విప్పారనడానికి అంతకంటే ఏం కావాలి? యాంటెన్నా వైర్లు రెండుంటాయి, నలుపు, తెలుపు. తెల్లది బిగించలేదు, కార్డు మీద ఊరికే ఆనించి ఉంది. కంపెనీ వేసిన మంచి కార్డులు తీసి విడిగా అమ్ముకుని, ఆ స్థానంలో చవకవి పెట్టి, పైన "టెస్టెడ్ ఓకే" అని స్టిక్కర్ వేశారు.

సప్లయర్ హైదరాబాద్ ఆయన, పేరు ఇక్కడ రాయను. ఎన్నో లాట్లు తీసుకున్నాను ఆయన దగ్గర, డబ్బులు ఎప్పుడూ ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. ఫోన్ చేస్తే ముందు "వైఫై వస్తోంది కదా, ఇంకేం కావాలండీ" అన్నారు. ఫోటోలు పంపాను. ఫ్యాక్టరీ లిస్ట్ పంపాను. వీడియో పంపాను. అప్పుడు ఆయన అన్న మాట: "మీ దగ్గర కుర్రాళ్లే మార్చి ఉంటారు చూసుకోండి." మా షాపులో పనిచేసే కుర్రాడు పదో తరగతి అవగానే నా దగ్గర చేరాడు. కస్టమర్ బ్యాగులో మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌ని కూడా కవర్‌లో పెట్టి పేరు రాసి దాస్తాడు. వాడిని అనుమానించమంటే నేను ఒప్పుకోను. ఆఖరికి ఆయన దిగొచ్చి ఇచ్చిన ఆఫర్ ఏమిటంటే, ల్యాప్‌టాప్‌కి ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ పంపుతారట, దానితో సర్దుకోమన్నారు. వద్దన్నాను. డాంగిల్ ఒక పోర్ట్ తినేస్తుంది, హాస్టల్ పిల్లల బ్యాగుల్లో రెండో వారానికే విరుగుతుంది, పైగా డబ్బు పెట్టి కొన్న ల్యాప్‌టాప్‌కి పక్కన తోక తగిలించుకుని తిరగమని నా కస్టమర్‌కి చెప్పే పరిస్థితి నాకు రాకూడదు.

ఇక నేను తెగ మథనపడ్డది ఒక విషయం మీద. సీల్ చింపితే సప్లయర్ వారంటీ పోతుంది. ఒక్క వైఫైకే కాదు, మదర్‌బోర్డు, డిస్‌ప్లే, కీబోర్డు, అన్నిటికీ. సీల్ ముట్టుకోకుండా పని జరిగే దారి కూడా ఉంది. పాత డ్రైవర్ వేసి, అప్‌డేట్‌లతో డ్రైవర్లు దిగకుండా ఆపేస్తే చాలు, మెషిన్ నిలకడగా ఉంటుంది, మీకు తేడా కూడా తెలియదు. మా తమ్ముడు లెక్కలు చూస్తాడు, వాడు అదే చేయమన్నాడు. "ఇంత లాట్‌కి వారంటీ నెత్తిన వేసుకుంటే ఒక్క పది బోర్డులు పోయినా ఈ ఏడాది లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది అన్నయ్యా" అన్నాడు. వాడి లెక్కలో తప్పు లేదు. కొన్ని రోజులు నేనూ అటే మొగ్గాను.

కానీ ఎంత ఆలోచించినా మనసు ఒప్పలేదు. విండోస్ ప్రో ఎడిషన్‌లో అయితే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో ఒక సెట్టింగ్ పెట్టి డ్రైవర్లు రాకుండా ఆపొచ్చు, హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటరే ఉండదు, వేరే తిప్పలు పడాలి, మీలో సగం మందికి ఉన్నది హోమ్. విండోస్ 11కి ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, అది వేసుకున్నప్పుడు మనం పెట్టింది నిలుస్తుందని నేను మాట ఇవ్వలేను. పైగా వైఫై డ్రైవర్‌ని ఒకచోట కట్టేసి ఉంచడం మంచిది కాదు. 2021లో ఫ్రాగ్‌అటాక్స్ అని వైఫైలో లోపాలు బయటపడినప్పుడు కార్డుల కంపెనీలు వాటికి విరుగుడు డ్రైవర్ అప్‌డేట్‌లలో ఇచ్చాయి. జీఎస్టీ పాస్‌వర్డ్‌లు, బ్యాంకు పనులు అన్నీ చేసుకునే మెషిన్‌కి అలాంటివి రాకుండా నేనే అడ్డుపడితే ఎలా? ఇంకా ఆ ఊడిపోయిన తెల్ల వైరు సంగతి ఏ డ్రైవర్ బాగుచేస్తుంది? సీల్ మీద పేరు ఆయనదే కావచ్చు, బిల్లు మీద పేరు మాత్రం నాది.

అందుకని ఆ లాట్‌లో ప్రతి ల్యాప్‌టాప్ సీల్ చింపుతున్నాను, కంప్లయింట్ రానివి కూడా. ఫ్యాక్టరీ లిస్ట్‌లో ఏ కార్డు ఉందో అదే కొత్తది తెప్పించి వేస్తున్నాను. ఇక్కడ ఒక సంగతి, సొంతంగా ఆన్‌లైన్‌లో కొని వేసుకుందామనుకునేవాళ్ల కోసం: ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 అనే వైఫై కార్డులు పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి, కానీ 201 దానికి తగిన ఇంటెల్ ప్రాసెసర్, చిప్‌సెట్ ఉన్న మెషిన్లలోనే పనిచేస్తుంది, ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పెడితే అసలు కనపడదు. తెలియకుండా కొని డబ్బు పోగొట్టుకోవద్దు. యాంటెన్నా వైర్ల చివర ఆవగింజంత గుండ్రటి క్లిప్పులుంటాయి, వంకరగా నొక్కితే నలిగిపోతాయి, అందుకే ఆ పని ఎవరికీ అప్పగించకుండా నేనే చేస్తున్నాను. మీ ఎదురుగానే చేస్తాను, అరగంట కూడా పట్టదు.

మీ బిల్లు మీద ఉన్న వారంటీ గడువు అలాగే ఉంటుంది. బోర్డుకి, డిస్‌ప్లేకి ఇకపై పూచీ మన షాపుదే, బిల్లు వెనక రాసి స్టాంపు వేసి నా సంతకం పెట్టి ఇస్తాను. ఆ సప్లయర్ దగ్గర ఇక సరుకు తీసుకోను, ధర ఎంత తగ్గించినా సరే. దీనివల్ల రాబోయే కొన్ని నెలలు మన దగ్గర సెకండ్ హ్యాండ్ స్టాక్ తక్కువగా ఉంటుంది. వేరేచోట నుంచి వచ్చే ప్రతి మెషిన్‌నీ సర్వీస్ ట్యాగ్ లిస్ట్‌తో సరిచూసి, ఆ ప్రింట్ బిల్లుతో పాటు మీకు ఇచ్చాకే అమ్ముతాను. సీల్ వేసి విప్పొద్దు అనేవాళ్ల సరుకు నాకు అక్కర్లేదు.

వెంటనే రాలేనివాళ్లు, అంటే తెనాలి, నరసరావుపేట వాళ్లు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు, ఈలోపు ఇలా చేయండి. డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్స్‌లో వైఫై పేరు మీద డబుల్ క్లిక్ చేసి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ మసగ్గా ఉంటే పాత వెర్షన్ మిగల్లేదని అర్థం, నాకు వాట్సాప్ చేస్తే ఫైల్ పంపిస్తాను. అక్కడే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ కనిపిస్తే, కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపేయొచ్చు అనే టిక్ తీసేయండి, కొన్ని మోడళ్లలో ఆ ట్యాబ్ ఉండదు, కంగారు పడకండి. వైఫై గుర్తే మాయమైపోతే షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే లాభం ఉండదు, త్వరగా ఆన్ అవడానికి విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో కర్నెల్ పూర్తిగా ఆగదు, రీస్టార్ట్ నొక్కండి. అప్పటికీ రాకపోతే షట్‌డౌన్ చేసి, ఛార్జర్ పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని తర్వాత ఆన్ చేయండి. ఆన్‌లైన్ ఎగ్జామ్, ఇంటర్వ్యూ ఉన్న రోజు రిస్క్ వద్దు, వైఫైని డిజేబుల్ చేసి ఫోన్ నుంచి యూఎస్‌బీ టెథరింగ్‌తో నెట్ వాడండి, ఆ సమయంలో మూత వేయకండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లు దయచేసి వేసుకోవద్దు, మనం వెనక్కి తెచ్చినదాన్ని అవి మళ్లీ ముందుకు తోస్తాయి.

జీఎస్టీ పనులున్నవాళ్లు 20వ తేదీకి 3బీ రిటర్న్ వేసేసుకుని తర్వాత రండి, లేదా ముందే చెప్తే మీ పని ఆగకుండా షాపులోది ఒకటి ఇస్తాను. వచ్చే ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరేచోట కాపీ పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే మెషిన్లలో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ దానంతటదే ఆన్ అయి ఉండొచ్చు, సేఫ్ మోడ్‌లోకి వెళ్లాల్సివస్తే రికవరీ కీ అడుగుతుంది, ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. బిల్లు పోయినా ఫర్వాలేదు, మన రిజిస్టర్‌లో మీ సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. ఛార్జర్ మాత్రం తప్పకుండా తీసుకురండి.