ఆఫీసుల్లో మొక్కలు సరే, కరెంటు సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏటా జూన్ 5, పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే మా ఐటీ కారిడార్ ఆఫీసుల్లో ఒకటే హడావుడి, ఆకుపచ్చ టీషర్టులు పంచుతారు, గేటు పక్కన వేప మొక్క నాటి ఫొటోలు దిగుతారు, డెస్క్ మీద పెట్టుకోమని తలా ఒక చిన్న కుండీ ఇస్తారు. మొక్కలంటే నాకూ ఇష్టమే, వాటిని తప్పు పట్టట్లేదు. కానీ ఆ ఫొటోలు దిగే టైంకి కూడా లోపల ఏసీ 20 మీదే నడుస్తుంటుంది, ఎవరూ లేని మీటింగ్ రూముల్లో లైట్లు వెలుగుతుంటాయి, ఆ సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తరు. మా లాంటి పెద్ద ఏసీ ఆఫీసుల వల్ల జరిగే నష్టంలో పెద్ద వాటా కరెంటుదే, దాన్ని ముట్టుకోకుండా ఇంకెన్ని చేసినా లాభం లేదని నా గట్టి అభిప్రాయం.

మే నెలలో బయట 42 డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల ఆడవాళ్ళు స్వెట్టర్లు వేసుకుని, చున్నీ చెవులకి చుట్టుకుని పని చేస్తున్నారు, ఇది హైటెక్ సిటీ వైపు పని చేసే ఎవర్నడిగినా చెప్తారు. ఫెసిలిటీ వాళ్ళకి చెప్తే "సెంట్రల్ ఏసీ కదా మేడం, మీ ఒక్క వరస కోసం మార్చలేం" అంటారు. అంటే డబ్బు కట్టి కరెంటు కాల్చి మరీ మనుషుల్ని వణికిస్తున్నాం. కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఎప్పట్నుంచో చెప్తోంది, ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని. 2018లోనే కేంద్ర విద్యుత్ శాఖ ఆఫీసులు, హోటళ్ళు లాంటి చోట్ల 24 నుంచి 26 మధ్య పెట్టుకోమని సూచించింది, 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేస్తే 24 దగ్గరే మొదలవ్వాలని రూల్ కూడా వచ్చింది. 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్ గారు 20 కంటే కిందకి దించకుండా పరిమితి పెడతామన్నారు. ఢిల్లీ నుంచి ఆర్డర్ వచ్చేదాకా ఆగాలా, మన ఆఫీసు వాళ్ళే 24 పెట్టుకోకూడదా? 20 నుంచి 24కి వస్తే ఏ మేనేజర్ కీ చెమట పట్టదు, ఇంట్లో ఫ్యాన్ కింద నిద్రపోయే వాళ్ళమే కదా అందరం.

మన రాష్ట్రంలో కరెంటు ఎక్కువగా బొగ్గు నుంచే వస్తుంది, దేశ సగటు చూస్తే ఒక్క యూనిట్ కి సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఈ లెక్క తెలిస్తే రాత్రి కంప్యూటర్లు ఆపకుండా వెళ్ళే వాళ్ళు కొంచెమైనా ఆలోచిస్తారు. ఒక ఆఫీసులో 500 సిస్టమ్స్, ఊరికే ఆన్ లో ఉన్నా ఒక్కోటి 50 వాట్లు అనుకోండి, రాత్రి 12 గంటలకి 300 యూనిట్లు, అంటే ఒక మామూలు ఇంటికి రెండు మూడు నెలలు వచ్చే కరెంటు ఒక్క రాత్రిలో ఎవరికీ పనికిరాకుండా పోయినట్టే. శనివారాలైతే మరీ ఘోరం, ఫ్లోర్ కి నలుగురైదుగురు వస్తారు, వాళ్ళ కోసం ఫ్లోర్లన్నింటికీ ఏసీ వేస్తారు, అందర్నీ ఒకే ఫ్లోర్ లో కూర్చోమంటే పోయేదేముంది!

ఇంక ఈ అద్దాల బిల్డింగుల గురించి. అద్దాలు పెట్టేది వెలుతురు కోసం అంటారు, పడమటి వైపు మధ్యాహ్నం దాటితే ఎండ మొహాన కొడుతుందని బ్లైండ్స్ దించేస్తారు, దించాక చీకటి, మళ్ళీ లైట్లు, ఆ అద్దం వేడికి ఏసీ ఇంకా ఎక్కువ తిరగాలి. ఇలా కట్టక తప్పదా అంటే కాదు, అదే హైటెక్ సిటీ దగ్గర పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ళ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది, 2004లోనే అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు, పర్యావరణానికి మేలు చేసే బిల్డింగులకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ అమెరికా బయట వచ్చిన మొదటి బిల్డింగ్ అది. మండువా ఇంట్లో లాగా మధ్యలో ఖాళీ జాగా, పైకప్పు మీద గడ్డి, వచ్చే గాలిని ముందే చల్లబరిచే టవర్లు, జాలీ గోడలు. ఇన్నేళ్ళుగా కళ్ళ ముందే ఉంది, అయినా దాని చుట్టూ లేచినవి చాలావరకు అద్దాల పెట్టెలే.

పేపర్ కప్పుల గురించి ఒక్క మాట. ప్లాస్టిక్ మానేశాం అని గొప్పగా చెప్పుకుని పేపర్ కప్పు పెట్టారు, దాని లోపల కూడా ప్లాస్టిక్ పొరే ఉంటుంది, వేడి టీ పోస్తే పావుగంటలో వేల కొద్దీ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు చెప్పారు. ఇంటి నుంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చుకుంటే అయిపోతుంది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి ఆఫీసు బిల్డింగ్ లిఫ్ట్ దగ్గర ఆ నెల ఎన్ని యూనిట్లు కాలింది, పోయిన ఏడాది అదే నెల ఎంత, చదరపు అడుక్కి ఎంత పడింది అని ఒక బోర్డు పెట్టించాలి. పక్క టవర్ వాళ్ళకంటే మనకెందుకు ఎక్కువొచ్చిందని ఉద్యోగులే అడుగుతారు, అడగనివ్వాలి. తెలంగాణలో పెద్ద కమర్షియల్ బిల్డింగులకి ఇంధన పొదుపు కోడ్ ఉంది, ప్లాన్ పాస్ చేయించుకునేటప్పుడు కాగితం చూపిస్తే సరిపోకూడదు, జనం చేరాక ఏటా నిజంగా ఎంత వాడుతున్నారో రాష్ట్ర ప్రభుత్వ ఇంధన సంస్థ రెడ్కో వాళ్ళు వచ్చి చూడాలి. ప్రభుత్వ ఆఫీసులకీ ఇదే పెట్టాలి, సారు క్యాంపుకెళ్ళినా చాంబర్లో ఏసీ తిరగడం అక్కడా ఉన్నదే. మీ పేపర్ వాళ్ళు ఒక్కసారి రాత్రి పది తర్వాత మాదాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా వెళ్ళి ఎన్ని ఫ్లోర్లు ఖాళీగా వెలుగుతున్నాయో ఫొటోలు తీసి వేయండి సార్, ఆ బిల్డింగుల వాళ్ళ జవాబు కూడా పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక ప్రైవేటు ఉద్యోగిని, మాదాపూర్, హైదరాబాద్