ర్యాంకర్ల పర్ఫెక్షనిజం: మొత్తం స్కోరు ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

బాగా చదివే పిల్లల్లో పర్ఫెక్షనిజాన్ని, అంటే ఏ చిన్న తప్పూ ఉండకూడదనే పట్టింపును, ప్రశ్నావళితో కొలవాలనుకునే విజయవాడ, గుంటూరు విద్యాసంస్థలకు మా మనవి. మొత్తం స్కోరు చూసి పిల్లల మీద ముద్ర వేయకండి.

1990లో మనస్తత్వవేత్త ఫ్రాస్ట్ బృందం ప్రచురించిన పర్ఫెక్షనిజం కొలమానంలో 35 వాక్యాలు, ఆరు విభాగాలు ఉన్నాయి. అందులో క్రమపద్ధతి విభాగాన్ని మొత్తంలో కలపరు. కలిపితే పుస్తకాలు చక్కగా సర్దుకునే పిల్లవాడి స్కోరూ పెరిగిపోతుంది! పెద్ద లక్ష్యాలు పెట్టుకోవడం మరో విభాగం, అదీ జబ్బు కాదు. తప్పు జరుగుతుందేమోనన్న దిగులు, చేసిన పనిపై తీరని అనుమానం, ఈ రెండు విభాగాలనూ విడిగా చూడాలి. ఆందోళన, కుంగుబాటుతో ఎక్కువగా ముడిపడేవి అవే.

పైగా ఫ్రాస్ట్ కొలమానం కాలేజీ విద్యార్థులతో తయారైనది. బడిపిల్లలకు 22 వాక్యాల కొలమానం వేరే ఉంది. తనంతట తాను పెట్టుకునే ఒత్తిడిని, ఇతరులు పెడుతున్నారనుకునే ఒత్తిడిని అది విడదీస్తుంది. 1 నుంచి 5 వరకు అంకెల్లో జవాబులుంటాయి. వ్యతిరేకార్థంలో ఉన్న వాక్యాలకు ఆ అంకెను 6 నుంచి తీసివేసి లెక్కించాలి. ఇది మరిచిపోతే లెక్కంతా తలకిందులవుతుంది.

తెలుగు అనువాదంలో మరో చిక్కుంది. ‘తప్పు చేయకూడదు’ అంటే పిల్లలకు అది టీచరు చెప్పిన నియమంలా వినిపిస్తుంది. తన మనసులోని మాటో కాదో తేలదు. అయిదారుగురు పిల్లలతో ప్రతి వాక్యానికీ అర్థం వాళ్ల మాటల్లోనే చెప్పించి, ఆ తర్వాతే వాడాలి.

వీక్లీ టెస్టు రోజున, తల్లిదండ్రుల ఎదుట పూర్తి చేయించవద్దు. కాగితంపై పేరుకు బదులు కోడ్ ఉండాలి, జవాబులు క్లాస్ టీచరు చేతికి వెళ్లకూడదు. స్కోరు ఎక్కువొస్తే ముందు కౌన్సెలర్ ఆ పిల్లతో విడిగా మాట్లాడాలి. చెరిపి చెరిపి రాస్తోందా, పూర్తయిన జవాబుపత్రం ఇవ్వడానికీ వెనకాడుతోందా అని చూడాలి.

– కొందరు స్కూల్ కౌన్సెలర్లు, విజయవాడ